కంపెనీ వ్యాన్‌లో ఒక్కడినే ఉండి సిగరెట్ తాగినా 50 పౌండ్ల ఫైనా?

తెల్లవ్యాన్_సురేశ్
మొన్న మంగళవారం డెలివరీలు కాస్త ముందే అయిపోయాయి. రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే లే-బైలో వ్యాన్ నిలిపి, ఇంజన్ ఆపి, రెండు వైపులా అద్దాలు పూర్తిగా దింపి ఒక సిగరెట్ వెలిగించాను. సగం కూడా కాలలేదు, మెరిసే జాకెట్ వేసుకున్న ఒకావిడ కిటికీ దగ్గరకొచ్చి ఇది పనికి వాడే వాహనమా అని అడిగింది. కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) నుంచట. వ్యాన్ పక్కన అంత పెద్ద అక్షరాలతో కంపెనీ పేరుంటే కాదని ఎలా అంటాను? పేరు, అడ్రస్ రాసుకుని నోటీసు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. 50 పౌండ్లు.

నా బాధ ఏంటంటే, పక్కన మనిషి లేడు, పొగంతా బయటికే పోతోంది, పైగా వ్యాన్‌లో నో స్మోకింగ్ స్టిక్కర్ కూడా లేదు. బోర్డే లేనప్పుడు నాకెలా తెలుస్తుంది? నేను ఇక్కడికొచ్చి మూడేళ్ళు. ఉండేది ఇంగ్లండ్‌లోనే, మిడ్‌లాండ్స్ వైపు. కౌన్సిల్‌తో పోట్లాడొచ్చా, లేక నోరు మూసుకుని కట్టేయాలా?

నైట్‌షిఫ్ట్_శీను
కట్టెయ్ బ్రదర్. త్వరగా కడితే 30కే పోతుంది.

లైటర్_ఉందా
లే-బైలో కూడా వదలరా వీళ్ళు. రోడ్ల మీద గుంతలు మాత్రం ఒక్కరికీ కనపడవు.

ఫ్లీట్_లక్ష్మి
సురేశ్ గారూ, ముందు ఒక్క విషయం చెప్పండి. ఆ వ్యాన్ మీరు తప్ప ఇంకెవరైనా నడుపుతారా? మీ సెలవు రోజున, వీకెండ్, మీరు జబ్బు పడినప్పుడు, ఎప్పుడైనా సరే. మీ కేసు మొత్తం దాని మీదే ఉంది. అద్దాలు, ఇంజన్, లే-బై, వీటితో పనే లేదు.

తెల్లవ్యాన్_సురేశ్
లేదు మేడమ్, నా వ్యానే. ఇంటికి కూడా నేనే తెచ్చుకుంటాను.

ఆర్టిక్_రాజు
అయితే నువ్వు గెలుస్తావు తమ్ముడూ. నా లారీ కూడా అంతే, ఆరేళ్ళుగా ఆ క్యాబిన్ నాది, నా పరుపు, నా దుప్పటి, నా ఫ్లాస్క్. పని వాహనాన్ని ఒక్కడే వాడితే ఆ చట్టం అంటదు. మా డిపోలో యూనియన్ మనిషి చదివి వినిపించాడు.

మినీక్యాబ్_మూర్తి
రాజు అన్నా, అది లారీకి. మా ట్యాక్సీలకు ఆ సుఖం లేదు. జనం ఎక్కే బండి అయితే లోపల జనం ఉన్నా లేకపోయినా, నువ్వొక్కడివే స్టాండ్‌లో కూర్చున్నా తాగకూడదు. నాకు తెలిసిన ఒకాయన ఎయిర్‌పోర్ట్ దగ్గర ఖాళీ బండిలో తాగుతూ దొరికిపోయాడు. ఫైన్ సంగతి తర్వాత, లైసెన్స్ వాళ్ళ దగ్గర కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఎంత వానైనా దిగి బండి వెనక నిలబడి తాగుతాడు, చూస్తే జాలేస్తుంది.

దగ్గు_తాత
వానకు జాలి పడుతున్నావు గానీ ఆయన ఊపిరితిత్తుల మీద పడవేంటి మూర్తీ.

ఫ్లీట్_లక్ష్మి
కాస్త పొడుగ్గానే రాస్తాను, ఎందుకంటే ఇది నా ఉద్యోగం. అరవై పైచిలుకు బండ్లు నా నెత్తిన ఉన్నాయి.

ఇంగ్లండ్‌లో ఈ నిషేధం 2006 హెల్త్ యాక్ట్ కింద వచ్చింది, అమల్లోకి వచ్చింది 2007 జులై 1 నుంచి. వాహనాల రూల్స్ ఆ ఏడాదే విడిగా ఇచ్చారు. వాటి ప్రకారం పైకప్పు ఉన్న వాహనం రెండు సందర్భాల్లో పొగరహితం, అంటే లోపల ఎవరూ తాగకూడదు. ఒకటి, జనం ఎక్కేదైతే (మూర్తి గారు చెప్పింది ఇదే). రెండు, జీతానికైనా స్వచ్ఛందంగానైనా పని మీద ఒకరికంటే ఎక్కువ మంది వాడేదైతే. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ఆ ఇద్దరూ ఒకేసారి లోపల ఉండక్కర్లేదు. వేర్వేరు టైముల్లో వాడినా, ఎప్పుడో ఒకసారి వాడినా లెక్కే. పొద్దున మీరు, రాత్రి ఇంకొకరు అయితే రోజంతా తాగకూడదు.

అద్దాలు దింపడం సంగతి: తెరవడానికి వీలున్న తలుపులు, కిటికీలు ఉన్న బండి మూసి ఉన్నదాని కిందే లెక్క. మీరు తెరిచారా మూశారా అన్నది ఎవరూ అడగరు.

రాజు గారు చెప్పింది కరెక్టే, నిజంగా ఒక్కరే వాడితే వర్తించదు. కానీ "నిజంగా" అనే మాట కింద గీత గీసుకోండి. మీరు రెండు వారాలు సెలవు పెడితే ఆ లారీ యార్డులో నిద్రపోతుందా, లేక రిలీఫ్ డ్రైవర్ తీసుకెళ్తాడా?

ఆర్టిక్_రాజు
మేడమ్, రిలీఫ్ కుర్రాడు తీసుకెళ్తాడు. పోయిన ఆగస్టులో వెళ్ళాడు కూడా. తిరిగొచ్చేసరికి నా సీటు ముందుకి జరిపేసి ఉంది.

లైటర్_ఉందా
రాజు అన్న కేసు రెండు లైన్లలో ఎగిరిపోయింది 😂

నైట్‌షిఫ్ట్_శీను
యూనియన్ మనిషి మిగతా సగం చదవలేదనుకుంటా.

తెల్లవ్యాన్_సురేశ్
ఒక మాట చెప్పాలి. ఆదివారాలు మా కంపెనీలో ఇంకో అబ్బాయి నా రూట్ చేస్తాడు. వాడు మా ఇంటికొచ్చి తాళాలు తీసుకెళ్తాడు. వాడూ సిగరెట్ తాగుతాడు కాబట్టి ఇబ్బంది లేదు కదా అనుకున్నాను.

ఫ్లీట్_లక్ష్మి
అదిగో.

దగ్గు_తాత
"నా వ్యానే" అని ఎంత ధీమాగా రాశాడు చూడండి పైన.

మినీక్యాబ్_మూర్తి
వాడు కూడా తాగుతాడు కాబట్టి ఫర్వాలేదనడం బాగుంది. ఇద్దరూ ఒప్పుకుంటే చట్టం పక్కకు తప్పుకుంటుందా ఏంటి.

తెల్లవ్యాన్_సురేశ్
సరే ఆ పాయింట్ పోయింది. మరి స్టిక్కర్? అది పెట్టాల్సింది కంపెనీ కదా. తప్పు వాళ్ళదైతే ఫైన్ నాకెందుకు?

ప్లంబర్_పండు
స్టిక్కర్ విషయంలో నేను సురేశ్ వైపే. స్పీడ్ లిమిట్ బోర్డు లేని రోడ్డులో స్పీడ్ ఫైన్ వేస్తే ఊరుకుంటామా? మా కంపెనీలో కొత్త వ్యాన్లు వచ్చినప్పుడు నెలల తరబడి ఏ స్టిక్కరూ లేదు, ఆడిట్ వస్తుందంటే ఒక రోజు రాత్రికి రాత్రే అన్నింటికీ అతికించారు, సగం వంకరగా.

ఫ్లీట్_లక్ష్మి
పండు గారూ, రెండు వేర్వేరు తప్పులు. తాగినందుకు తాగిన మనిషికి, బోర్డు పెట్టనందుకు కంపెనీకి. ఒకటి ఉంటే ఇంకొకటి మాఫీ కాదు.

తాగిన వాళ్ళకు నోటీసు 50 పౌండ్లు, 15 రోజుల్లోపు కడితే 30. కోర్టు దాకా వెళ్ళి ఓడితే 200 దాకా. బోర్డు లేనందుకు కంపెనీకి నోటీసు 200, త్వరగా కడితే 150, కోర్టులో అయితే 1,000 దాకా. తాగుతుంటే ఆపకుండా ఊరుకున్నందుకు ఇంకోటి ఉంది. దానికి నోటీసుతో సరిపెట్టడాలు లేవు, నేరుగా కోర్టే, 2,500 దాకా. ఆపాల్సిన బాధ్యత డ్రైవర్ మీద కూడా ఉంటుంది. అంటే పక్క సీట్లో హెల్పర్ వెలిగిస్తే, నాకేం సంబంధం నేను నడుపుతున్నాను అనడానికి లేదు.

సురేశ్ గారికి పనికొచ్చే దారి ఒకటే. అది పొగరహిత స్థలమని నాకు తెలియదు, తెలిసే అవకాశం కూడా లేదు అని మీరు చూపించగలిగితే అది డిఫెన్స్ కిందకి వస్తుంది. స్టిక్కర్ లేకపోవడం దానికి కొంత సాయం చేస్తుంది. కానీ ఉద్యోగంలో చేరిన రోజు మీకు ఒక పుస్తకం ఇచ్చి సంతకం పెట్టించారా?

తెల్లవ్యాన్_సురేశ్
ఇచ్చారు. నలభై పేజీలు. చదవలేదు, సంతకం పెట్టాను.

లైటర్_ఉందా
ఈ వేదికలో అది చదివిన మనిషి ఉంటే చెయ్యెత్తండి.

కార్డిఫ్_కిరణ్
నేను చదివాను. పేజీ 31లో క్యాంటీన్ ఫ్రిజ్‌లో పక్కవాళ్ళ డబ్బా తినకూడదని ఉంది.

సాయంత్రం_చాయ్
నవ్వుకోండి గానీ నా సంగతి కూడా వినండి. నేను జీవితంలో సిగరెట్ ముట్టలేదు. కేర్ వర్క్ చేస్తాను, ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళను చూసుకోవడం. మా ఏజెన్సీ కారు ముగ్గురం మార్చి మార్చి వాడతాం. నా కంటే ముందు షిఫ్ట్ చేసే ఆవిడ తాగుతుంది, అద్దం దింపే తాగుతుంది పాపం, మర్యాదస్తురాలే. కానీ నేను ఎక్కేసరికి సీటు బట్టలో, బెల్టులో, పైకప్పు గుడ్డలో అంతా ఆ వాసన. చలికాలం హీటర్ వేస్తే అది మళ్ళీ లేస్తుంది. నాకు ఉబ్బసం ఉంది. ఆ కారులో ఇరవై నిమిషాలు వెళ్ళి దిగితే నా కోటు వాసన చూసి ఒక పెద్దావిడ "నువ్వు తాగుతావా అమ్మా, మానెయ్" అని నాకే బుద్ధి చెప్పింది. ఏం చెప్పను?

"ఒక్కడినే ఉన్నాను, ఎవరికి నష్టం" అని సురేశ్ గారు రాశారు చూడండి, ఆదివారం అబ్బాయి స్థానంలో నాలాంటి దాన్ని ఊహించుకోండి. వేర్వేరు టైముల్లో వాడినా నిషేధమే అని ఆ రూల్ ఎందుకు రాశారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తెల్లవ్యాన్_సురేశ్
అక్కా, సారీ. ఆ కోణం నిజంగా నాకు తట్టలేదు.

ప్లంబర్_పండు
మీ మేనేజర్‌కు చెప్పారా?

సాయంత్రం_చాయ్
రెండుసార్లు. మొదటిసారి ఎయిర్ ఫ్రెషనర్ కొనిచ్చారు. ఇప్పుడు సిగరెట్ ప్లస్ వెనిల్లా.

నైట్‌షిఫ్ట్_శీను
ఆ కాంబినేషన్ నాకు తెలుసు. తలనొప్పి గ్యారంటీ.

ఫ్లీట్_లక్ష్మి
చాయ్ గారూ, ఈసారి నోటితో కాదు, ఈమెయిల్‌లో పెట్టండి. ఉబ్బసం అన్న మాట తప్పకుండా రాయండి. పైన చెప్పిన 2,500 వర్తించేది సరిగ్గా ఇలాంటి చోటే, తెలిసీ ఆపకపోవడం. రాతలో ఉంటే తెలియదు అనలేరు. అక్కడా కదలకపోతే మీ కౌన్సిల్‌లో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ వాళ్ళకు ఫిర్యాదు చేయొచ్చు, దీన్ని అమలు చేసేది వాళ్ళే.

లైటర్_ఉందా
వేప్ (ఈ-సిగరెట్) మాటేంటి? నేను ఇప్పుడు అదే. పొగ కాదు, ఆవిరి.

మినీక్యాబ్_మూర్తి
మామిడిపండు ఆవిరి. మా స్టాండ్‌లో ఒకడు ఊదితే జ్యూస్ షాపు తెరిచినట్టుంటుంది.

ఫ్లీట్_లక్ష్మి
2006 చట్టం వెలిగించి తాగే వాటికే, కాబట్టి ఆ నోటీసు వేప్‌కు రాదు. కానీ కంపెనీలు సొంత రూల్‌లో దాన్నీ కలిపేస్తాయి, మేమూ కలిపాం. అప్పుడు కౌన్సిల్ ఫైన్ ఉండదు, వార్నింగ్ లెటర్ ఉంటుంది. ఫైన్ కట్టి మర్చిపోవచ్చు, లెటర్ మాత్రం ఫైల్లో కూర్చుంటుంది.

కార్డిఫ్_కిరణ్
అందరూ ఇంగ్లండ్ గురించే మాట్లాడుతున్నారు. ఒక్కో చోట ఒక్కో తేదీ, ఒక్కో రూలు. స్కాట్లండ్ అన్నింటికంటే ముందు, 2006 మార్చి 26. మా వేల్స్ 2007 ఏప్రిల్ 2, నార్తర్న్ ఐర్లండ్ అదే నెల 30, ఇంగ్లండ్ ఆఖరు. మా దగ్గర బోర్డుల మీద వెల్ష్, ఇంగ్లిష్ రెండూ ఉంటాయి. సరిహద్దు దాటి తిరిగే లారీ వాళ్ళు అక్కడి రూల్ విడిగా చూసుకోవాలి, ఇంగ్లండ్‌లో చెల్లింది కదా అని అనుకోవద్దు.

ఆర్టిక్_రాజు
నేను వారానికి రెండుసార్లు స్కాట్లండ్ వెళ్తాను. ఇప్పుడు భయం పెట్టావు.

ప్లంబర్_పండు
సొంత కారు పనికి వాడితే? నాది సొంత ఎస్టేట్ కారు, ఎమర్జెన్సీ కాల్ వస్తే అందులోనే వెళ్తాను, మైలేజ్ డబ్బులిస్తారు. ఒక్కోసారి అప్రెంటిస్‌ను కూడా ఎక్కించుకుంటాను.

ఫ్లీట్_లక్ష్మి
ప్రధానంగా మీ సొంత పనులకు వాడే కారైతే, అప్పుడప్పుడు ఉద్యోగానికి వాడినంత మాత్రాన పొగరహితం కాదు. స్టిక్కర్ కూడా అక్కర్లేదు. అప్రెంటిస్ వయసెంత?

ప్లంబర్_పండు
పదిహేడు.

ఫ్లీట్_లక్ష్మి
అయితే ఆగండి. 18 నిండని వాళ్ళు లోపల ఉంటే సొంత కారులో కూడా ఎవరూ తాగకూడదు, 2015 అక్టోబరు 1 నుంచి. తాగిన వాళ్ళకూ 50, ఆపని డ్రైవర్‌కూ 50. మీరే డ్రైవర్, మీరే తాగేవారు అయితే రెండూ మీకే రావొచ్చు.

దగ్గు_తాత
ఆ పిల్లాడే తాగితే?

ప్లంబర్_పండు
వాడు తాగడు తాతగారూ. నన్ను చూసి మానేశాడట.

లైటర్_ఉందా
టాప్ లేని కారు కొనుక్కోండి అందరూ. పైకప్పు పూర్తిగా తీసేస్తే ఈ రూల్ వర్తించదని ఎక్కడో చదివాను.

ఫ్లీట్_లక్ష్మి
వెటకారానికి అన్నా నిజమే. పైకప్పు పూర్తిగా మడిచి పెట్టినంత సేపు వర్తించదు. సన్‌రూఫ్ తెరిస్తే కుదరదు. టాప్ లేని డెలివరీ వ్యాన్ ఎక్కడైనా దొరికితే నాకూ చెప్పండి, వానలో పార్సిళ్ళు ఎలా ఉంటాయో చూడాలని ఉంది.

నైట్‌షిఫ్ట్_శీను
సురేశ్, ఒక సంగతి ఎవరూ అడగలేదు. ఆ సిగరెట్ పీక ఏం చేశావు ఆవిడ వచ్చినప్పుడు?

తెల్లవ్యాన్_సురేశ్
కంగారులో కిటికీలోంచి పారేయబోయి, ఎందుకో ఆగి కాఫీ కప్పులో ఆర్పాను.

నైట్‌షిఫ్ట్_శీను
బతికిపోయావు. పారేస్తే చెత్త వేసినందుకు ఇంకో ఫైన్. అది 50కి చాలా పైన ఉంటుంది. బండిలోంచి ఎవరు పారేశారో తెలియకపోయినా, లండన్ బయట 2018 ఏప్రిల్ నుంచి బండి ఎవరి పేరున రిజిస్టర్ అయిందో వాళ్ళకు పంపొచ్చు. మా డిపోకు అలాగే వచ్చింది, ఆ రోజు ఆ బండి ఎవరు తీశారని రోటా (డ్యూటీల పట్టిక) తిరగేసి మరీ పట్టుకున్నారు.

తెల్లవ్యాన్_సురేశ్
సరే, అందరి మాటా విన్నాను. కౌన్సిల్‌కు లెటర్ రాస్తే లాభం ఉందా? స్టిక్కర్ లేదని ఫోటో తీసి పెట్టాను.

ప్లంబర్_పండు
రాయి. పోయేదేముంది.

ఫ్లీట్_లక్ష్మి
పోయేది 20 పౌండ్లు. నోటీసు వెనక్కి తీసుకోమని అడగొచ్చు, వాళ్ళకు ఆ అధికారం ఉంది. కానీ జవాబు వచ్చేలోపు 15 రోజులు దాటితే 30 కాస్తా 50 అవుతుంది. ఆ 15 కూడా నోటీసు ఇచ్చిన రోజుతో కలిపి లెక్క. పూర్తి మొత్తానికి గడువు 29 రోజులు. ఇంకోటి, ఆ ఫోటో పంపితే మీ కంపెనీకి 200 నోటీసు మీ చేతులతో మీరే ఇప్పించినట్టు. తప్పని అనను, అది వాళ్ళ బాధ్యతే. కానీ పంపే ముందు మేనేజర్‌కు చెప్పి పంపండి, వెనక నుంచి తెలిస్తే వేరేగా ఉంటుంది.

ఆర్టిక్_రాజు
అసలు ఆ స్టిక్కర్ ఎంత ఉండాలి? మా లారీలో ఒకటి ఉంది, గోరంత. పడక ఉన్న వైపు ఇంకోటి కావాలా?

ఫ్లీట్_లక్ష్మి
2007 రూల్స్‌లో వాహనానికి గుర్తు కనీసం 70 మిల్లీమీటర్ల అడ్డం అని ఉండేది. ఎర్ర వృత్తం, అడ్డగీత, లోపల కాలుతున్న సిగరెట్. బిల్డింగులకైతే అప్పట్లో ఏ5 సైజు కాగితమంత బోర్డు, దాని మీద ఫలానా మాటలు అని ఉండేది, 2012 అక్టోబరులో అది సడలించారు. నేను వాహనాలకు ఇప్పటికీ 70కి తగ్గనివ్వను. గోరంత స్టిక్కర్ ఎవరికి కనపడాలి చెప్పండి.

మనుషులు కూర్చునే ప్రతి భాగానికి ఒకటి. డ్రైవరుకూ వెనక సీట్లకూ మధ్య గోడ ఉంటే రెండు. ముందు వెనక సీట్లు కలిసే ఉన్న క్రూ క్యాబ్ ఒకటే భాగం. సామాన్లు మాత్రమే ఉండే వెనక డబ్బాకు అక్కర్లేదు. మీ పడక మధ్యలో గోడ లేకుండా సీటు వెనకే ఉంటే ఒకటి చాలు.

సాయంత్రం_చాయ్
మా కారులో ఉంది స్టిక్కర్, గ్లవ్ బాక్స్ లోపల. మూత తెరిస్తే కనపడుతుంది.

దగ్గు_తాత
సిగ్గుపడి దాక్కుందేమో.

తెల్లవ్యాన్_సురేశ్
అప్‌డేట్. మేనేజర్‌తో మాట్లాడాను. మొదట అరిచాడు, తర్వాత పుస్తకం తెరిచి నా సంతకం చూపించాడు, తర్వాత నేను ఫోన్‌లో స్టిక్కర్ లేని ఫోటో చూపించాను, ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోటో ఎవరికీ పంపలేదు. పద్నాలుగో రోజున 30 కట్టేశాను. ఆదివారం అబ్బాయికి కూడా చెప్పాను, వాడు "నువ్వు దొరికావు కాబట్టి" అన్నాడు. వాడి ఇష్టం.

నిన్న డిపోకు స్టిక్కర్ల కట్ట వచ్చింది, ఎవరి బండికి వాళ్ళే అతికించుకోమన్నారు. నాది డాష్‌బోర్డ్ మీద పెట్టాను, సాయంత్రానికి ఊడి కాళ్ళ దగ్గర పడుంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఊడింది. ఇప్పుడు ఆవిడ మళ్ళీ వస్తే ఇది ఎవరి తప్పు?

ఫ్లీట్_లక్ష్మి
డాష్‌బోర్డ్‌కు మెరుపు పాలిష్ కొట్టారా?

తెల్లవ్యాన్_సురేశ్
కొట్టాను. వాసన పోవాలని.

ఫ్లీట్_లక్ష్మి
అందుకే అంటుకోవట్లేదు. స్పిరిట్‌తో ఆ చోటు తుడిచి, పూర్తిగా ఆరాక అతికించండి. లేదా ముందు అద్దానికి లోపలి వైపు, ఎడమ మూలన, మీకు రోడ్డు కనపడటానికి అడ్డం రాకుండా.